జిరాక్సు ఇచ్చేముందు

ముప్ఫై ఏళ్లుగా బ్యాంకు ఉద్యోగం. లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, సంతోషమే. లెక్క కుదరక రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చోవడం తప్పింది (ఆ బాధ పడ్డవాళ్లకే తెలుసు లెండి). నాకు మింగుడుపడనిది వేరే. హోటల్ గదికీ, అద్దె ఇంటికీ, ఆఖరికి అపార్టుమెంటు గేటు దగ్గరా ఆధార్ జిరాక్సు అడుగుతారు. మనవాళ్లు ఎందుకని అడగకుండా ఇచ్చేస్తారు.

మన కర్ణాటక హైకోర్టులో పనిచేసిన విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 2012లో, ఎనభై దాటిన వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. 2018లో బ్యాంకు ఖాతాకీ, ఫోనుకీ ఆధార్ తప్పనిసరి కాదని తీర్పొచ్చింది. ప్రభుత్వ సాయం పడే ఖాతాల సంగతి వేరు.

కౌంటరుకొచ్చే పెద్దవాళ్లకి ఒకటే చెబుతాను: మొదటి ఎనిమిది అంకెలు కనబడని ఆధార్ కూడా దొరుకుతుంది, కుదిరినచోట అదివ్వండి, కాగితం మీద ఎందుకిస్తున్నారో రాయండి. పాస్‌వర్డు మార్చుకోవచ్చు, వేలిముద్రని మార్చుకోలేం కనుక దానికీ తాళం వేయించుకోండి.

మొన్న మా మేనత్త జిరాక్సుకి అడ్డంగా 'గ్యాసు కనెక్షనుకి మాత్రమే' అని తెలుగులో రాసి, తేదీ వేసి ఇచ్చింది. కుర్రాడికి తెలుగు రాదు. కన్నడంలో చదివి చెప్పి మరీ ఇచ్చిందట.