పాటకు దస్తావేజు

పాట రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ, చివరికి పాడానని పదిమందికీ చాటుకునేదీ తనే అయిన మనిషిని ఇండిపెండెంటు మ్యుజీషియన్ అంటున్నారు. మా మేనకోడలు ఆ జాతిది. హైదరాబాదులో నిక్షేపంలాంటి కంప్యూటరు ఉద్యోగం వదులుకుని నాలుగేళ్ల క్రితం గిటారు పట్టింది. నేనా, ముప్ఫయ్యేళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. సంగీతంతో నా బంధుత్వం రేడియో వరకే. అయితే ఆ పిల్ల జమాఖర్చుల పుస్తకం నా దగ్గరుంటుంది గనుక ఈ వృత్తి లోతు కొంచెం తెలుసు.

ఇది బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. మా చిన్నప్పుడు వీటినే ప్రైవేటు పాటలనేవారు. ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ ఏ సినిమాలోదీ కాదు. కరుణశ్రీ పద్యాలకు గ్రామఫోను రికార్డు. ఆ రోజుల్లో రికార్డు కావాలంటే కంపెనీవాడు తలుపు తియ్యాలి. ఇప్పుడా తలుపే లేదు. ఇంట్లో కూర్చుని పాడిన పాటను, ఏడాదికింతని పుచ్చుకునే డిస్ట్రిబ్యూటరు ద్వారా దేశదేశాలకూ పంపవచ్చు. తలుపు లేని ఇంట్లోకి అందరూ వస్తారు గదా! చిక్కు అక్కడే.

మొదటి పాటకు స్టూడియో అద్దె, మిక్సింగు, తబలా అతని పారితోషికం, అట్టమీది బొమ్మ అన్నీ కలిపి 38,000 అయింది. ఏడాది తిరిగేసరికి వచ్చింది 1,140 రూపాయలు. పైగా 2024 నుంచి స్పాటిఫైవారు, వెనకటి పన్నెండు నెలల్లో 1,000 సార్లయినా వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కే కట్టడం లేదు. మరి ఇల్లెలా గడుస్తుందంటారా? పిల్లలకు గిటారు పాఠాలు, వ్యాపార ప్రకటనలకు ఆలాపనలు, పెళ్లిళ్లలో పాటలు, శనివారం రాత్రుళ్లు కెఫేల్లో కచేరీలు. అక్కడ నాలుగు సినిమా పాటలు పాడితేగాని తన పాట ఒకటి విననివ్వరు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనవాళ్లకు సినిమాలో లేనిది పాటే కాదు.

“ఈ దారిన పోయి బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించవే!” అని మా బావ ఒకనాడు కూతుర్ని నిలదీశాడు.

అది ప్రతీక్ కుహాడ్ పేరు చెప్పింది. జైపూరు కుర్రవాడు. న్యూయార్కులో చదువుకుని వచ్చి సొంత పాటలతో ఊరూరా తిరిగాడు. 2018లో తెచ్చిన ‘కోల్డ్/మెస్’ను ఒబామాగారు 2019లో తనకు నచ్చిన పాటల జాబితాలో చేర్చారు. 2020లో అమెరికాలోని ఎలెక్ట్రా కంపెనీ అతనితో ఒప్పందం చేసుకుంది.

“చివరికి ఆయనా కంపెనీ గూటికే చేరాడుగా!” అన్నాడు బావ.

“ముందు పేరు, తరవాత బేరం, నాన్నా” అంది.

పోయినేడు దీనికీ బేరం వచ్చింది. కాస్త ఎక్కువమంది విన్న పాట ఒకటుంది. దానికి రెండు లక్షలిస్తామని ఒక కంపెనీవారు కాగితం పంపారు. అప్పటికి మా పుస్తకంలో నిలవ పదకొండు వేలు. బావ పెన్ను తీసి సిద్ధంగా పెట్టాడు. కాగితం నా చేతికొచ్చింది. సంగీతంలో నాకు పూర్తిగా అర్థమైంది ఇదొక్కటే.

పాటలో రెండు ఆస్తులుంటాయి. రికార్డు ఒకటి, మాటా బాణీ మరొకటి. వారు రెండూ అడిగారు. ప్రపంచమంతటా, ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ సమస్త సాధనాల్లో, శాశ్వతంగా. మా భాషలో శుద్ధక్రయం. ఎకరం పొలానికైనా నాలుగు వైపులా సరిహద్దులు రాస్తాం; దీనికవీ లేవు! బదలాయింపు కాగితంలో గడువు చెప్పకపోతే అయిదేళ్లే అనీ, ప్రదేశం చెప్పకపోతే మన దేశం వరకే అనీ కాపీరైటు చట్టం 19వ సెక్షను చెబుతుంది. అందుకే కంపెనీ గుమాస్తాలు ఆ రెండు మాటలూ రాయడం మరిచిపోరు.

“మావయ్యా, సంతకం పెడితే నా పాట మళ్లీ రికార్డు చేసుకోవాలన్నా వాళ్లనడగాలా?”

“అడగాల్సిందే.”

ఆ రాత్రి దానికి నిద్ర లేదు. ఇంటి అద్దె రెండు నెలలది బాకీ. తెల్లారి నన్ను కూర్చోబెట్టి జవాబు రాయించింది: రికార్డు మాత్రం మూడేళ్లకు కౌలుకిస్తాను, మాటా బాణీ నావే.

“రెండు లక్షలు కాలదన్నే తెలివి ఎవరు నేర్పారో!” అని బావ నా వంక చూశాడు. నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఎనిమిది నెలలైంది, కంపెనీనుంచి ఉలుకూ పలుకూ లేదు. అద్దె బాకీ గిటారు పాఠాలమీద తీరింది. మొన్న రాత్రి ఫోను చేసింది. విశాఖలో కచేరీ కుదిరిందట. తబలా అతని రైలు టిక్కెట్టు ఏ పద్దు కింద రాయాలని అడిగింది.