మా గాజు తొట్టిలో చెరువు మన్ను

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా మామ నాకు రెండడుగుల గాజు తొట్టి ఇచ్చినాడు. చిక్కబళ్ళాపురం అంగడిలో ఆరు గప్పీ చేపలు, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు, ఒక సంచి తెల్ల చలువరాళ్ళ ముక్కలు కొనుక్కొని బాగేపల్లి బస్సెక్కినాను. వారంలో నాలుగు చేపలు చచ్చిపోయినాయి. మా చెల్లెలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఫిల్టరు అంటే టీ వడగట్టే జాలి లాంటిదని నేను అనుకున్నాను. అందుకే రోజూ దాన్ని కొళాయి కింద తెల్లగా కడిగినాను. ఈ సంగతి చెప్తే మా సైన్సు సారు, "నువ్వు కడిగేసింది మురికిని కాదురా, పనివాళ్ళను" అన్నారు. చేపల మలం నుంచి అమోనియా వస్తుంది. అది విషం. స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. దాని వల్ల హాని తక్కువ. ఇవి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేనేమో వాటిని బ్లీచింగు నీళ్ళతో రోజూ చంపినాను.

మరి ఆ నైట్రేటు ఎక్కడికి పోతుంది? ఫిల్టరు దాన్ని తీసెయ్యలేదు. మనం నీళ్ళైనా మార్చాలి, లేదా మొక్కలైనా దాన్ని తినాలి. తెల్లరాళ్ళలో మొక్కలకు తిండి లేదు. పైగా చలువరాయి మీద నిమ్మరసం వేస్తే బుసబుస పొంగింది. అది సున్నపు రాయి. మా బోరు నీళ్ళు ముందే కఠిన జలం, గిన్నెలకు తెల్ల పొర కడతాయి. ఆ రాళ్ళు ఇంకా కఠినం చేస్తాయి.

అంగడిలో అమ్మే మన్ను ధర చూసి తాత నవ్వినాడు. "చెరువు మన్ను తోలిన ఏడు రాగులు ఎట్లా పండినాయో నాకు తెలుసు. అదే వెయ్యిరా" అన్నాడు. ఎండిన చెరువు మన్ను తెచ్చి, పుల్లలు ఏరి, ఒక అంగుళం పరిచినాను. మన్ను కలకబారకుండా పైన ఒకటిన్నర అంగుళం జల్లించి కడిగిన ఇసుక వేసినాను. మన కొండలు గ్రానైటువి కాబట్టి ఆ ఇసుక నిమ్మరసానికి పొంగలేదు. వాలిస్నేరియా, హైడ్రిల్లా నాటినాను.

ఫిల్టరు మాత్రం పాతదే. మొక్కలను కదిలించేంత జోరు దానికి లేదు, చేపపిల్లలను లోపలికి లాగదు. ఇప్పుడు నెలకొకసారి తొట్టి నీళ్ళలోనే మెల్లగా పిండుతాను. కరెంటు పోయి గంటలైతే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. అప్పుడు లోటాతో నీళ్ళు ఎత్తి పోస్తాను.

ఐదు వారాలు తొట్టి చేపలు లేకుండానే నడిచింది. మన్నులోంచి వచ్చే అమోనియానే బ్యాక్టీరియాకు తిండి. మిగిలిన రెండు చేపలను అన్నాళ్ళూ బక్కెట్లో పెట్టి, రోజూ సగం నీళ్ళు మార్చినాను.

మన జిల్లా చెరువులకు బెంగళూరు నుంచి రెండు దశల్లో శుద్ధి చేసిన నీళ్ళు వస్తున్నాయి. మూడో దశ కూడా చెయ్యాలని మన పెద్దలు అడుగుతుంటే ఎందుకో నాకు తెలిసేది కాదు. మడ్డి తేరడం మొదటి దశ, బ్యాక్టీరియా పని రెండోది. మిగిలిన నైట్రేటు లాంటివాటిని తీసెయ్యడం మూడోది. మా తొట్టిలో ఆ పని మొక్కలు చేస్తున్నాయి.

మొన్న పొద్దున మా చెల్లెలు నన్ను లేపింది. మొక్కల నడుమ చేపపిల్లలు. పదకొండు లెక్కపెట్టింది.