వేడి మందుల వీధి

“డాక్టరుగారూ, చలికాలం వచ్చిందంటే నా చేతులూ కాళ్ళూ మంచుముక్కల్లా అయిపోతాయి. ఒంట్లో వేడి పుట్టించే మూలిక ఏదైనా ఉంటే చెప్పండి” అంటూ ఏటా ఈ రోజుల్లో ఉత్తరాలు వస్తాయి. ఈసారి జవాబు కాస్త చుట్టుతిరుగుడుగా చెబుతాను. హాంకాంగ్‌లోని ఒక వీధిలోంచి నడిచి రావాలి మనం.

మా అక్కయ్యావాళ్ళు అక్కడ స్థిరపడి చాలా ఏళ్ళయింది. నేను వెళ్ళింది జనవరిలో. హాంకాంగ్‌లో మంచు కురవదు. కాని చలిగాలి వీచిన రోజున పది డిగ్రీలకు దిగుతుంది. గాలిలో తేమ, ఇళ్ళల్లో వెచ్చదనానికి ఏ ఏర్పాటూ లేదు. దాంతో చలి ఎముకల్లోకి దిగుతుంది. ఒకనాడు మా మేనకోడలు నన్ను రెండంతస్తుల ట్రామెక్కించి షెయుంగ్ వాన్ వైపు తీసుకువెళ్ళింది. అక్కడ ట్రాములు 1904 నుంచీ నడుస్తున్నాయి. దిగగానే గుప్పున ఎండుచేపల వాసన. వీధి పొడుగునా అవే కొట్లు. నేను ముక్కు మూసుకున్నాను. ఒక సందు మలుపు తిరిగామో లేదో వాసన మారిపోయింది. శొంఠి, దాల్చినచెక్క, ఇంకేవో ఎండువేళ్ళు! కళ్ళు మూసుకుంటే మన ఊరి మూలికల కొట్టు ముందు నిలబడ్డట్టే ఉంది. ఆ వీధి పేరు కో షింగ్ వీధి. చైనా మూలికల టోకు వ్యాపారమంతా అక్కడే. గోనెసంచులు దింపుతున్న కూలీల మధ్యనుంచి ఒదిగి ఒదిగి నడవాలి.

కొట్టు లోపల గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. ఆ బీరువాను ‘నూరుగురు పిల్లల బీరువా’ అంటారట. కొట్టువాడు చీటీ చూస్తూ ఒక్కొక్క సొరుగూ లాగి, పిడికిళ్ళతో తీసి, మన కంసాలి త్రాసులాంటి దానితో తూస్తాడు. అక్కడి తూనిక లియాంగ్. ఒక లియాంగ్ మన పాత లెక్కలో మూడు తులాల పైచిలుకు.

చైనా వైద్యంలో ప్రతి దినుసుకూ ఒక స్వభావం ఉంటుంది: చల్లనిది, కాస్త చలవ, వెచ్చనిది, వేడిది. మనకిది కొత్త కాదు. మామిడిపండ్లు ఎక్కువ తిని నోరు పూస్తే ‘వేడి చేసింది’ అనమూ? హాంకాంగ్ వాళ్ళు వేపుళ్ళు తిని నోరు పూస్తే ‘యీత్ హేయ్’ అంటారు. అంటే అదే! ఆ వేడి దిగడానికి చేదు కషాయం అమ్మే కొట్లు వీధి వీధికీ ఉన్నాయి.

వేడి దినుసుల్లో వాళ్ళు చూసే తేడాలు మాత్రం ముచ్చటగొలుపుతాయి. పచ్చి అల్లం వెచ్చనిది, జలుబు పట్టిన మొదటిరోజున చెమట పట్టించడానికి. అదే ఎండి శొంఠి అయితే వేడిది, కడుపులో చలి తీయడానికి. ఒకే దాల్చిన చెట్టు కొమ్మ ఒక మందు, బెరడు మరో మందు. లవంగాలు, సోపు, దుంపరాష్ట్రం జాతి వేరు కూడా ఈ జట్టులోవే. ఇంకో సొరుగులో పిప్పళ్ళు కనబడ్డాయి. వాటిని చైనా భాషలో ‘బీబో’ అంటారు. మన సంస్కృతంలోని ‘పిప్పలి’యే అక్కడికి వెళ్ళి ఆ రూపం ధరించింది. బాలింతలకు ముదురు అల్లం, తియ్యటి వెనిగర్, పంది కాళ్ళు, కోడిగుడ్లు వేసి రోజుల తరబడి నానబెట్టిన కుండ పెడతారు. మన బాలింత కాయానికి పినతల్లి బిడ్డ అనుకోండి.

ఇక అసలు సంగతి. మా బావకు డెబ్బై దాటాయి. గుండె లయ సరిగా లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ బిళ్ళ వేసుకుంటాడు. ఆయనకూ అరికాళ్ళు చల్లబడతాయి. పక్కవాటాలో ఒక ముసలావిడ ఉంది. అందరూ ‘పో పో’ అని పిలుస్తారు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అన్నమాట, మనకు తరిమినట్టుంటుంది గాని! చాలా మంచి మనిషి. ఆవిడ మా బావ చలికి కుంటుతుంటే చూడలేక గొర్రెమాంసం, అల్లం, దాంగ్‌గ్వే అనే వేరు వేసి సూపు కాచి రోజూ పంపుతోంది. ఇది నిన్నటి మాట కాదు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు బాలింతల కడుపునొప్పికి రాసిన మందు. రుచి నేనూ చూశాను, అమోఘం.

ఆవిడకు అదీ చాలలేదు. “ఫూజీ వేస్తే ఇంకా వేడి” అని మేనకోడలి చేత చీటీ రాయించి పంపింది. మేము కో షింగ్ వీధికి వెళ్ళింది అందుకే. కొట్టులోని పెద్దాయన చీటీ చూసి, మమ్మల్ని ఎగాదిగా చూసి, “నమోదైన చైనా వైద్యుడు రాసిచ్చాడా?” అన్నాడు. లేదన్నాం. చీటీ మడిచి మా చేతిలో పెట్టాడు. ఫూజీ అంటే ఏమిటనుకున్నారు? మన వసనాభి జాతి మొక్క దుంప! మన ఆయుర్వేదంలో దాన్ని గోమూత్రంలోనో, పాలలోనో శుద్ధి చేస్తారు. వాళ్ళు ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఉడికించి, ముక్కలు చేసి, వాడేముందు మళ్ళీ చాలాసేపు కాస్తారు. నీళ్ళూ వేడీ కలిస్తే విషం విరుగుతుంది. సరిగా విరగకపోతే పెదవులు, నాలుక తిమ్మిరెక్కి, వాంతులై, గుండె లయ తప్పుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. హాంకాంగ్‌లో 1999లో వచ్చిన చట్టం ముప్పై ఒక్క తీక్షణమైన దినుసులను విడిగా జాబితా కట్టింది. పచ్చి ఫూజీ అందులో ఉంది. మేమడిగింది శుద్ధి చేసిందే అయినా ఆ పెద్దాయన ఇవ్వలేదు. ఆయనకు నేనిప్పటికీ మనసులో దండం పెడతాను.

మర్నాడు పొద్దున బావ పళ్ళు తోముకుంటూ, “ఒరేయ్ డాక్టరూ, చిగుళ్ళు కారుతున్నాయేమిట్రా?” అన్నాడు. నా గుండె జారింది. ఫూజీ గొడవలో పడి, ఆ సూపు సంగతి నాకు తట్టనే లేదు! దాంగ్‌గ్వే వార్ఫరిన్ పనిని పెంచిన సందర్భాలు వైద్యపత్రికల్లో వచ్చాయి. ఆసుపత్రికి తీసుకువెళ్ళి రక్తం పరీక్ష చేయిస్తే, రెండూ మూడూ మధ్య ఉండవలసిన ఐ.ఎన్.ఆర్. నాలుగు దాటి ఉంది. అంతా సూపు పనేనని నేను ప్రమాణం చేయలేను. మాత్ర మోతాదు సర్ది, సూపు మాన్పించారు. వారానికి సరిపోయింది. మా అక్కయ్య మాత్రం నన్ను వదల్లేదు. “నువ్వు డాక్టరువై ఉండి రెండు రోజులు పక్కన కూర్చుని అదే సూపు తాగావుగదరా” అంది. నిజమే మరి.

అంచేత ఉత్తరాలు రాసిన వారికి నేను చెప్పేదిది. అల్లం, మిరియం, శొంఠి వంటింటి పాళంలో తినండి, అడ్డులేదు. అల్లం ఘాటు మన నాలుకమీద వేడిని పసిగట్టే నరాల కొసలనే తడుతుంది, అందుకే వెచ్చగా ఉంటుంది. వేవిళ్ళ వికారానికి కూడా కాస్త ఉపశమనం ఇస్తుంది. దాల్చినచెక్క సంగతి వేరు. మన బజారులో దొరికే మందపాటి చెక్క చాలావరకు చైనా జాతిదే. రోజూ చెంచాల కొద్దీ పొడి మింగితే అందులోని కౌమరిన్ కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఏ వేరు, ఏ కషాయం మొదలుపెట్టినా ముందుగా తమ డాక్టరుతో చెప్పాలి. “ఇది మందు కాదండీ, సూపే” అని దాచకండి. వసనాభి చేరిన మందు ఎవరు ఇచ్చినా, అందులో ఏముందో, ఎవరు శుద్ధి చేశారో అడగండి. మూతి తిమ్మిరెక్కితే ఇంట్లో మజ్జిగ పోస్తూ కూర్చోక ఆసుపత్రికి పరుగెత్తండి.

అసలు చేతులూ కాళ్ళూ ఎందుకు చల్లబడుతున్నాయో చూశారా? ఆడవాళ్ళలో రక్తం తక్కువ కావడం, థైరాయిడ్ మందగించడం పెద్ద కారణాలు. రెండింటికీ చిన్న రక్తపరీక్ష చాలు. చుట్ట, సిగరెట్టు కాల్చేవారిలో, మధుమేహం ఉన్నవారిలో కాలి రక్తనాళాలు మూసుకుపోతుండవచ్చు. నాలుగడుగులు నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతోందంటే ఆలస్యం చేయకండి. మా బావకు తేలింది కూడా అదే. ఇప్పుడు సిగరెట్టు మానేసి, ఊలు మేజోళ్ళు తొడుక్కుని, రోజూ సముద్రపొడ్డున నడుస్తున్నాడు. పో పో ఇంకా సూపు పంపుతూనే ఉంది, వట్టి అల్లం వేసి.