పూడిన బావి సాక్ష్యం

చందర్లపాడు మండలంలో పొలాలు కొలవడం నా పని. లైసెన్సు సర్వేయరుని. మాది నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, ఆ రెండింటి మధ్య హద్దురాయి ఒరిగిపోతుంది. గొర్రు తగిలి ఊడిన రాళ్లూ ఉన్నాయి. కరణాల వ్యవస్థ 1984లోనే రద్దయింది. ఫలానా రాయి ఫలానా చోట అని నోటి లెక్కగా చెప్పే తరమూ దాటిపోయింది. ఇలాంటి నేలలో నాకు మిగిలిన గట్టి గుర్తు బావి. గట్టును జరపొచ్చు. బావిని జరపలేరు.

ఇప్పుడు రైతులు ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, దాని మీద సర్వే నంబరు గీతలు చూపించి, "మా గట్టు మూడు మీటర్లు పక్కాయన తిన్నాడు" అంటున్నారు. వంద మీటర్ల గట్టు మీద మూడు మీటర్లంటే ఏడు సెంట్ల పైచిలుకు. ఇళ్ల మధ్య మాటలు ఆగిపోవడానికి అది చాలు. మొదట్లో నేనూ ఆ గీతను నమ్మి ఒక రైతుకు తప్పు చెప్పాను. ఆ బాధ ఇంకా ఉంది. పాత గ్రామ పటం మైలుకు 16 అంగుళాల లెక్కన గీసింది. అందులో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద రెండు మీటర్లు. దాన్ని తెచ్చి చిత్రం మీద పరిస్తే హద్దు ఎలా తేలుతుంది? చిత్రం కూడా కచ్చితంగా ఒకేచోట నిలవదు. అదే బావి వేర్వేరు ఏళ్ల చిత్రాల్లో కొన్ని మీటర్లు అటూ ఇటూగా కనిపిస్తుంది.

అయినా పాత గుర్తులు వెతకడానికి ఉపగ్రహ చిత్రాన్ని మించిన సాయం లేదు. మున్నేటి వైపు ఊళ్లో ఒక చెల్లెమ్మ పిలిచింది. భర్త పోయాడు. పంపకాల కాగితంలో ఆమె వంతు "ఉమ్మడి బావికి తూర్పు" అని ఉంది. బోరు పడ్డాక ఆ బావిని పూడ్చేశారు. "బావే లేదు కదన్నయ్యా, ఎక్కడి నుంచి తూర్పు?" అంది. మరిది ఒక చోటు చూపిస్తున్నాడు. అదే నిజమైతే ఆమె పొలం కుంచించుకుపోతుంది.

ఆ రాత్రి గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలకు వెళ్లాను. పత్తి నిండుగా ఉన్నప్పటి చిత్రాలు పనికిరావు; చేను ఖాళీగా ఉన్న ఎండాకాలంవి చూడాలి. ఒక మే నెల చిత్రంలో నల్లటి చదరం, పక్కనే వేపచెట్టు నీడ, ఎడ్లు మోట లాగిన వాలు బాట కనిపించాయి. సర్వే శాఖ పొలం కొలతల పుస్తకం, ఎఫ్‌ఎంబీలోనూ ఆ సర్వే నంబరులో బావి గీసి ఉంది. స్కేలు పెట్టి, హద్దురాళ్లను కలిపే జి లైను నుంచి ఎన్ని లింకులో తీసుకున్నాను. లింకంటే సర్వే గొలుసులో నూరో వంతు, 7.92 అంగుళాలు.

పొద్దున్నే పొలానికి వెళ్లి ఫోన్ జేబులో పెట్టేశాను. నిలిచి ఉన్న రెండు రాళ్లు పట్టుకుని, వాటి మధ్య లైను నిలబెట్టి, టేపుతో కొలిచి మేకు కొట్టాను. మోకాలిలోతు తవ్వేసరికి రాతికట్టు తగిలింది. మరిది గుంటలోకి దిగి చేత్తో మట్టి తుడిచాడు. రాతి అంచున తాడు ఒరిసిన గాట్లు. "ఇదే వదినా. నాన్న తోడిన చోటు" అన్నాడు. మధ్యాహ్నానికి కొత్త రాళ్లు పాతాం.

మా పక్క జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే 2020 డిసెంబరు 21న రాష్ట్ర రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, పొలాలకు పాత సర్వే నంబర్ల బదులు కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మంచిదే. కానీ డ్రోను ఈనాటి గట్టునే చూస్తుంది. పంపకాల నాటి గట్టును చూడలేదు. మన ఇళ్లలోని దస్తావేజులు ఇంకా బావికి తూర్పు, వేపచెట్టుకు పడమర అనే చెబుతున్నాయి.

అందుకే రైతులకు ఒక్క మనవి. పాత బావిని పూడ్చేముందు దాని నడిమధ్య నుంచి దగ్గరి మూడు హద్దురాళ్లకు ఎంతెంత దూరమో కొలిపించి, కాగితం మీద రాయించి, పక్క రైతుతో కూడా సంతకం పెట్టించి దాచుకోండి.