సైరన్ వినబడినంత మేర

శక్కర్‌నగర్ అంటే బోధన్‌లో ఒక వాడ అనుకుంటారు ఇప్పటి పిల్లలు. మా చిన్నప్పుడు ఆ మాట అంటే పెద్దవాళ్లు కయ్యానికొచ్చేవాళ్లు. బట్టలు కొనాలన్నా, సినిమా చూడాలన్నా ‘‘బోధన్‌కు పోయొస్త’’ అని చెప్పి బయల్దేరేవాళ్లం, అదేదో పొరుగూరన్నట్టు.

మాది ఏటి ఒడ్డు కాదు గానీ, ఏటి నీళ్లతో పుట్టిందే. మంజీర సాలూర పక్క నుంచి సాగిపోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మా దిక్కుకు మాత్రం నిజాంసాగర్ కాలువలో వచ్చేది. 1923లో మొదలైన ఆ ఆనకట్ట 1931లో పూర్తయింది. దాని కింద 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు అనుకున్నారు. నీళ్లు రాగానే చెరుకు వచ్చింది, కోస్తా నుంచి రైతులు వచ్చారు. వర్ని, కోటగిరి వైపు వాళ్లు కట్టుకున్న ఊళ్లు ఇప్పటికీ క్యాంపులే. 1937లో నిజాం సర్కారు చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. దాని చుట్టూ క్వార్టర్లు లేచాయి. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే నల్లా దగ్గర కొట్లాడుకునేవి.

క్రషింగ్ మొదలైతే మా బడి పిల్లలకు పండగే. రాత్రంతా ఎడ్లబండ్లు గేటు దాకా బారులు తీరేవి. తెల్లారేసరికి ఎడ్లు పడుకుని నెమరేస్తుంటే బండివాళ్లు కాడి కింద గొంగడి కప్పుకుని కునికేవాళ్లు. మేం వెనక నుంచి మెల్లగా గడ గుంజేవాళ్లం. ‘‘ఏయ్ పోరగాండ్లు! ఒక్కటే గుంజుండ్రి, కట్టు ఊడుతది’’ అని కళ్లు తెరవకుండానే కసిరేవాడొక తాత. ఒక్కటే అన్నాడు కదా అని తలా ఒకటి తీసుకునేవాళ్లం. పంటితో చీలిస్తే పెదవుల అంచులు కోసుకుపోయేవి, రసం తగిలి చురుక్కుమనేది. ఇంటికెళ్తే అవ్వకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. మడ్డి వాసనంటారా, చుట్టాలు ముక్కు మూసుకుంటే తప్ప అది ఉందని మాకు తెలిసేది కాదు. ఆరేసిన తెల్లచొక్కా మీద చిమ్నీ మసి నుసి పడితే దులపాలే గానీ తుడవొద్దు. తుడిస్తే గీత పడుతుంది.

బోధన్‌నే ఏకచక్రపురం అంటారు. బకాసురుడికి బండెడన్నం పంపింది ఇక్కడి నుంచేనని, అందుకే రాకాసిపేట అనే పేరొచ్చిందని చెప్పుకుంటారు. మాకు కథ చెప్పిన ముసలాయన చివర్లో చెయ్యెత్తి చిమ్నీని చూపించేవాడు: ‘‘ఆడు ఒక్క బండి తిన్నడు, ఇది ఎన్ని తింటదో లెక్కపెట్టుండ్రి.’’

ఊరికి పొలిమేర రాయి ఎక్కడుందో నేనెప్పుడూ చూడలేదు. సైరన్ వినబడినంత మేర మా ఊరు. షిఫ్టు మారినా, టిఫిన్ డబ్బా కట్టినా దానితోనే. గడియారాలు ఆగిపోతే దాన్ని విని తిప్పుకునేవాళ్లు.

2002లో ఫ్యాక్టరీలో సగానికి మించిన వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి తాళం వేశారు. తెరిపిస్తామన్న మాట ఎన్నికలప్పుడల్లా వినబడుతూనే ఉంది. కాలువ నీళ్లు ఇప్పుడు ఎక్కువగా వరికే పోతున్నాయి. ఇంకా చెరుకు వేసే రైతు దాన్ని కామారెడ్డి వైపు ఫ్యాక్టరీకి తోలుకోవాలి.

పట్నం పెరిగి పక్క ఊరిని కలుపుకోవడం మామూలే. నిజామాబాద్ అట్లాగే సారంగాపూర్‌నూ, బోర్గాంనూ కలుపుకుంది. శక్కర్‌నగర్ సంగతి వేరంటాను నేను. జీతాల రోజున బోధన్ బట్టల దుకాణాలు రాత్రి దాకా తెరిచి ఉండేవి, మిఠాయి కొట్ల ముందు నిలబడే చోటు దొరికేది కాదు. ఎవరు ఎవరి మీద బతికారో ఆ దుకాణదారులను అడగండి. వాళ్లలో కొందరి ఖాతా పుస్తకాల్లో ఫ్యాక్టరీవాళ్ల బాకీలు ఇంకా కొట్టేయలేదు.