కాలిన తీగ

"బటన్ ఒత్తుడుతోనే ఫ్యూజు పోతుంది, నీళ్లొస్తలేవు" అని అమ్మ ఫోను. మా ఊరు దేవరకొండ పక్కన. తాగడానికి మిషన్ భగీరథ నల్లా ఉంది గానీ బర్రెలకూ బట్టలకూ అంట్లకూ బోరే దిక్కు. నేను వెళ్లాక నలుగురం కలిసి నల్ల పైపు గుంజి మోటారు పైకి తీశాం. వచ్చిన మెకానిక్ దాన్ని విప్పనైనా విప్పకుండా "కాలింది, కొత్తది తెచ్చుకోండి" అన్నాడు. డెబ్బై ఏళ్ల అమ్మ వీధి చివర బోరింగు కొట్టుకుని బిందెలు మోస్తోంది. కోపమొచ్చింది. మోటారును గోనెసంచిలో చుట్టి హైదర్‌గూడ తీసుకొచ్చాను.

మెయిన్ రోడ్డు వదిలి గల్లీలోకి మళ్లితే, ఓ పాత ఇంటి ముందరి గదిలో ఉంది ఆ వైండింగ్ దుకాణం. పదేళ్లుగా దాని ముందు నుంచే నడుస్తున్నాను, లోపలికి ఎన్నడూ వెళ్లలేదు. ఉస్తాద్‌కు అరవై దాటాయి. మోటారు విప్పి, లోపలి నీళ్లు పళ్లెంలోకి ఒంపి వాసన చూశాడు. తర్వాత స్టేటర్‌ను కిటికీ వెలుతురుకు పట్టాడు.

"గిది కాలలే సార్, కాల్చిన్రు."

ఆయన చూపిస్తే నాకూ కనబడింది. స్టార్టింగ్ కాయిల్ ఒక్కటే నల్లబడితే తప్పు కెపాసిటర్‌దో, బటన్‌దో. ఇక్కడ తీగల మీది ప్లాస్టిక్ తొడుగంతా ఒకేతీరుగా మెత్తబడి కరిగింది. అడుగున బరువు మోసే కార్బన్ బిళ్ల మీద గీతలు పడ్డాయి. బోరు మోటారును చల్లబరిచేది దాని ఒంటిని తాకుతూ పారే నీళ్లే. నీళ్లు దిగిపోయాక కూడా తిరిగితే తన వేడికి తానే ఉడుకుతుంది.

పాత తీగ కోసే ముందు గాడిలో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాడు. నలభై. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు. తీగ మందం కొలిచి, అట్టలూడిన నోటుబుక్కులో రాసుకున్నాడు.

మర్నాడు కేవలం ఆయన చేతులు చూడ్డానికే వెళ్లాను. ఈ రకం మోటారులో కాయిల్ విడిగా చుట్టి తొడగడం కుదరదు, గాడి నోరు ఇరుకు. తీగ కొసను ఒక గాడిలోంచి దూర్చి, అవతల అందుకుని, ఇంకో గాడిలోంచి ఇవతలికి లాగాలి. అచ్చం నులక మంచం అల్లినట్టే. లాగుతున్నంతసేపూ ఎడమచేతి బొటనవేలు తీగ మీద ఆనించి ఉంచుతాడు. ఒకచోట ఆగి, ఏమీ మాట్లాడకుండా ఆరు చుట్లు వెనక్కి తీసేశాడు. తొడుగు మీద గీరు పడిందట. నా కంటికి ఆనలేదు, ఆయన వేలికి తగిలింది. ఆ గీరులోంచి నీళ్లు దిగితే నెల తిరక్కుండా మళ్లీ కాలేదే.

ఆ నోటుబుక్కులో ముందరి పేజీలు వాళ్ల నాన్న రాసినవి, ఉర్దూలో. తర్వాతివి ఈయనవి, తెలుగులో. ఏ మోటారుకు ఎన్ని గాడులు, ఎన్ని చుట్లు, ఏ గేజి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఇళ్ల బావుల మీది మోనోబ్లాకులే ఎక్కువ వచ్చేవట. అపార్ట్‌మెంట్లు లేచి బావులు పూడాక అవి ఆగిపోయాయి. కొడుకు ఈ పని నేర్వలేదు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టలేను. రోజంతా కూర్చుని చుట్టిన కూలి కంటే, కొత్త మోటారు అరగంటలో అమ్మితే మిగిలేదే ఎక్కువ. ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సులో వైండింగ్ ఉంది కదా, ఆ పిల్లల్ని నెల రోజులైనా ఇలాంటి ఉస్తాద్‌ల దగ్గర కూర్చోబెట్టమని అడుగుతున్నాను. చుట్టడంతో పాటు, ఎందుకు కాలిందో చెప్పగలగడం కూడా వాళ్లకు రావాలి. కొత్తది కొని అదే బోరులో అంతే లోతుకు దింపితే అదీ కాలేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, కరెంటు రాగానే మోటారును వాటంతటవే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని తెలంగాణ ప్రభుత్వమే రైతులకు చెప్పింది. మనిషి దగ్గర లేకుండా మోటారు తిరిగితే బోరు ఎండడమూ తెలియదు, తీగ కాలడమూ తెలియదు.

"నీళ్లు ఎన్ని ఫీట్లకున్నయో కొలవకుండ దింపొద్దు" అన్నాడు ఉస్తాద్. అమ్మకు చెప్పాను. తాడుకు రాయి కట్టి, పక్కింటి పిల్లగాడితో బోరులోకి వదిలించింది. 165 అడుగుల దాకా తాడు పొడిగానే ఉందట. మోటారు వేలాడింది 180లో. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు పట్టేది ఆరున్నర లీటర్లు. అంటే మోటారు పైన నిలవున్న నీళ్లు 100 లీటర్లకు లోపే, ఆ పైన ఊట ఎంతిస్తే అంత. మా అమ్మ పొద్దున్నే బటన్ ఒత్తి, గంటసేపు బర్రెల పనిలో ఉండేది.

ఉస్తాద్ నోటుబుక్కు తీసి, మా మోటారు గేజి పక్కన ఊరి పేరు, దాని పక్కన 165 రాసుకున్నాడు.

"దింపినంక, ధార సన్నబడంగనే బంద్ చెయ్యమను సార్ అమ్మను. మళ్ల నిండుగ ఎంతసేపటికి వస్తదో గడియారం చూసి చెప్పమను. గది గూడ రాసుకుంట."