మాచర్లకు పడమట ఒక రాజధాని

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ దారి పట్టినప్పుడల్లా నాకు విజయపురి గుర్తొస్తుంది. పడమట ఆ నల్లమల కొండల నడుమ క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని అది. మూడు వైపులా కొండలూ అడవీ, నాలుగో వైపు కృష్ణమ్మ.

అడవిలో ఉంది కదా అని మారుమూల ఊరనుకోకండి. సింహళ భిక్షువులకు అక్కడ ప్రత్యేకంగా విహారమే ఉండేది. బోధిశ్రీ అనే ఉపాసిక అక్కడ కట్టించినవాటి వివరమంతా శాసనంలో ఉంది. అక్కడి మహాచైత్యానికి దానాలిచ్చింది చాంతిశ్రీ, ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఆడవాళ్ల పేర్లు రాతి మీద నిలిచిన నగరం మన పక్కనే ఉందంటే ఎంత గర్వంగా ఉంటుందో!

1926లో శిథిలాలు బయటపడ్డాయి. 1955లో సాగర్ డ్యాంకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. నగరం జలాశయంలో మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా, తవ్వగలిగినంత తవ్వారు. కొన్ని కట్టడాలను నాగార్జునకొండ మీదికీ, కొన్నిటిని అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. మిగతా నగరమంతా జలాశయం అడుగునే ఉంది. ఆ నీళ్లే మన పల్నాడు పొలాలను తడిపాయి, కాబట్టి డ్యాం కట్టడాన్ని నేను తప్పు పట్టను. బాధ మాత్రం పోదు.

మనలో చాలామంది సాగర్ గేట్లు చూసి, ఎత్తిపోతల జలపాతం దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తాం. ఈసారి అనుపు కూడా వెళ్లండి. మెట్ల వరసల రంగస్థలంలో కాసేపు కూర్చోండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి.